పెరటి ముచ్చట: పచ్చవల పందిరి

మాంబళం నుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: “పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ ఒకటి పెట్టుకోవాలని ఉన్నది. బజారులో రకరకాలవి కనబడుతున్నవి. ఎక్కువ డబ్బు పెట్టలేము. ఏది కొనమంటారు?” జవాబు చెప్పే అర్హత మాకు పుస్తకాలు చదివి వచ్చినది కాదు, డబ్బు పోగొట్టుకొని సంపాదించుకొన్నది. అందుచేత ముందు మా కథ చెప్పనివ్వండి.

మా అమ్మగారికి 82 ఏళ్ళు. నెల్లూరి ఆడపడుచు. ఈ పట్నానికి కోడలుగా వచ్చి అరవంలో బేరమాడటంలో అందరినీ మించిపోయారు కాని, చుక్కకూర దగ్గర మాత్రం రాజీ లేదు. చలిరోజులలో మా పెరట్లో చుక్కకూర పుష్కలంగా వచ్చేది. మార్చి దాటితే ఆకు ముదిరి, గింజకు వచ్చి, ఎండిపోయేది. వేసవిలో కూడా ఆమెకు ఆ పప్పు పెట్టాలన్న ఆశతో ఒక ఏడు ఏప్రిల్‌లో పాలిథీన్ గుడారం ఒకటి తెప్పించాము. సన్నని ఇనుపగొట్టాలు, తెల్లని కప్పు, ముందు జిప్పు తలుపు. పెట్టెమీద బొమ్మ బహు అందంగా ఉన్నది. ఉదయం బిగించాము. మధ్యాహ్నం భోజనాలయి వెళ్ళి చూస్తే, లోపల వ్రేలాడగట్టిన ఉష్ణమాపకంలో రసం 50 గీత దగ్గర నిలబడి ఉన్నది. ఆ పైన దానికి గీతలు లేవు. మొలకలన్నీ తలలు వాల్చేసినవి. అమ్మగారు తొంగిచూసి, “ఏందిరా అబ్బాయ్, పొయ్యి మీద పెట్టకుండానే కూర ఉడకేశావే!” అన్నారు.

తప్పు గుడారానిది కాదు, మాది. గాజుతోనో పాలిథీన్‌తోనో కట్టే ఇల్లు చలిదేశాలవారి అవసరం కొద్దీ పుట్టినది. ఎండను లోపలికి రానిచ్చి, వేడెక్కిన గాలిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచటమే దాని పని. మనకు పుష్యమాసంలోనైనా రాత్రి వేడిమి 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. 2003 మే 31న నుంగంబాకంలో 45 డిగ్రీలు నమోదయినది. ఇక్కడ వేడిని పట్టి ఉంచే ఇల్లెందుకు? బెంగుళూరు లాల్‌బాగ్‌లో గాజుమేడ లేదా అంటారేమో. ఉన్నది. లండను క్రిస్టల్ పాలెస్ మాదిరిగా 1889లో దానికి పునాది వేశారు. కాని ఆ ఊరు మూడువేల అడుగుల ఎత్తున ఉన్నది, పైగా ఆ మేడ పూలప్రదర్శనలకు ప్రసిద్ధి, చుక్కకూరకు కాదు.

మనవారికి ఈ విద్య తెలియనిదేమీ కాదు. పొన్నూరు ప్రాంతపు తమలపాకు తోటలు చూచినవారికి గుర్తుండే ఉంటుంది. అవిసె చెట్లు వరుసగా పెంచి, ఆ నీడలో తీగ ప్రాకిస్తారు. ఎండ పూర్తిగా పోదు, జల్లెడ పట్టినట్లు దిగుతుంది. గాలికి అడ్డు లేదు. మన గ్రీన్‌హౌస్ అదే. అవిసె చెట్లు పెరిగేదాకా ఆగలేని మనకోసం పచ్చవల వచ్చినది.

వలను నీడపాలును బట్టి 35, 50, 75, 90 శాతమని చెప్పి అమ్ముతారు. ఆకుకూరలకూ నారుకూ 50 చాలును. 75 అయితే ఫెర్నులకూ ఆర్కిడ్లకూ సరిపోతుంది. 90 వల మొక్కకు కాదు, కారు నిలుపుకొనేందుకు. చల్లగా ఉంటుందని దట్టమైనది కొన్నవారి కొత్తిమీర కాడలు వెలుతురు కోసం సాగి పడిపోవటం మేము చూచాము. అతినీలలోహిత కిరణాలకు ఆగేటట్లు తయారైనదేనా అని అడిగి తీసుకోండి. లేకపోతే ఒకటి రెండు వేసవులలో పొడిపొడి అయిపోతుంది. అంచున చిన్న గాటు పెట్టి లాగి చూడండి. పోగులు ఊడి వస్తూంటే వద్దు. పారిస్ కార్నర్ సందులలో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే అంగళ్ళలో ఇది దొరుకుతుంది. నాలుగు కొట్లు తిరగండి, సిగ్గుపడవద్దు.

వల పన్నా సాధారణంగా 3 మీటర్లు, అంటే 10 అడుగులకు రవంత తక్కువ. కనుక పందిరి వెడల్పు 9 అడుగులు పెట్టుకొంటే అతుకు బాధ ఉండదు. మాది 9 అడుగుల వెడల్పు, తూర్పు పడమరలుగా 12 అడుగుల పొడుగు. వల 6 మీటర్లు కొన్నాము. పైకప్పు పోగా మిగిలినది పడమటివైపు తెరలాగా వ్రేలాడదీశాము. సాయంత్రపు ఎండే మొక్కకు అసలు శత్రువు. కర్రలు 10 అడుగులవి 6, సరుగుడువి. ఇక్కడి అడితిలో సవుక్కు అని అడగాలి. మొదళ్ళకు తారు పూసి 2 అడుగులు పాతితే 8 అడుగుల ఎత్తు మిగులుతుంది. ఎత్తు తగ్గించి డబ్బు మిగుల్చుకోవద్దు. వేడిగాలి పైకి పోవటానికి చోటు ఉండాలి. పై చట్రానికి వెదుళ్ళు, వాటిమధ్య ఇనుపతీగ. కూలితో సహా మాకు 3,000 రూపాయల లోపునే తేలిపోయినది. గుడారానికి ఇంతకన్న ఎక్కువే పోశాము లెండి.

పెరడు లేక మేడమీద పెట్టుకొనేవారు దయచేసి కప్పుకు బెజ్జాలు వేయవద్దు. వర్షాకాలంలో క్రింది ఇంటివారితో తగవు వస్తుంది. పాత రంగుడబ్బాలలో కాంక్రీటు పోసి కర్రలు నిలబెట్టండి, పిట్టగోడకు కట్టండి.

ఇక తుపాను సంగతి. 2016 డిసెంబరు 12న వార్దా వచ్చినప్పుడు పట్నంలో వేలకొద్దీ చెట్లు కూలినవి గదా, పందిరి ఒక లెక్కా? వలను మేకులతో కొట్టవద్దు. అంచు రెండు మడతలు కుట్టి, నైలాను త్రాడుతో జారుముడులు వేయండి. హెచ్చరిక విన్న వెంటనే లాగి చుట్టిపెట్టేయవచ్చును. 2023లో మిచాంగ్ తీరం దాటినది బాపట్ల దగ్గర, నీరు నిండినది మాత్రం మన వీథులలో. ఆనాడు మా వల నడవలో చాపచుట్టలా భద్రంగా ఉన్నది, కర్రలు కదలలేదు. మామూలు వానలకు తీయనక్కరలేదు. పెద్ద చినుకు వలమీద పడి తుంపరగా దిగుతుంది. నారుమడి మీద మాత్రం వెదురుబద్దలు వంచి పాలిథీన్ కప్పండి, రెండు చివరలూ తెరిచి ఉంచండి. ఆ తెల్లకాగితానికి మన ఊళ్ళో ఉన్న ఉద్యోగం అంతే. మా గుడారపు కప్పు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నది.

బెండ, దోస, గోంగూర దీని క్రింద పెట్టవద్దు, అవి ఎండకు పుట్టినవి. కొత్తిమీర, పుదీనా, తమలపాకు, వంగనారు, చుక్కకూర పెట్టండి.

మే నెలలో మొదటి కోత కోసి పప్పు చేయించాము. అమ్మగారు రెండు ముద్దలు తిని, “ఆకు లేతగా ఉండాది, పులుపే చాల్లేదు” అన్నారు. అందుచేత ఇప్పుడు ఉదయం 8 గంటలదాకా తూర్పువైపు వల మడిచిపెట్టి ఎండ తగలనిస్తున్నాము. రెండవ కోత ఇంకా కోయలేదు.