దాదాకు శాలువా వద్దు, జవాబు చెప్పండి



మొన్న హోలీకి మా చిట్యాల దిక్కు ఒక తండాల చిన్న లొల్లి అయింది. ఫోన్ల ర్యాప్ రికార్డు చేసుకుంట తిరిగే ఒక డిగ్రీ పోరడు, లెంగీ పాటలకు ఆ తండాల పెద్ద గొంతు అయిన దాదా దగ్గరికి పోయి, "దాదా, మీరొకటి పాడుండ్రి, నేనొకటి కడ్త. ఎవరిది నిలబడ్తదో చూద్దాం" అన్నడు. అంతే. పెద్దమనుషులు వాన్ని కూసోబెట్టి తిట్టిండ్రు. పెద్దోళ్లతోని పోటీ ఏందిరా, మర్యాద లేదా అని. ఆ తర్వాత దాదాకు శాలువా కప్పి, ఫొటోలు దిగి, డీజే పెట్టిండ్రు. డీజేల మోగింది సినిమా పాట. దాదా కొంచెంసేపు కుర్చీల కూసొని లేచిపోయిండు.

నాకైతే ఆ పోరడు అడిగిన దాంట్ల తప్పు కనబడలేదు. ఆ శాలువానే తప్పనిపించింది.

వాడు అడిగింది కొత్తదేం కాదు. లెంగీ అంటేనే ఎదురెదురు నిలబడి పాడుకునేది. ఒక గుంపు ఎత్తితే ఇంకో గుంపు అందుకోవాలె, ఎక్కిరిస్తే తిరిగి ఎక్కిరించాలె. తీజ్‌ల బోరడి ఝష్కేరో చూడండి. ఆడపిల్లలు నానబెట్టిన శనగలు రేగుముల్లుకు గుచ్చుతుంటే వరసైన పిల్లగాళ్లు కొమ్మ ఊపి ఆట పట్టిస్తరు, వీళ్లు ఊకుంటరా? కోయ గూడేలల్ల రేలా పాట కూడా అంతే, ఆడపిల్లలు ఒక దిక్కు, మగపిల్లలు ఒక దిక్కు. (ఆ "రేలా" అనే మాటను టీవీ వాళ్లు ప్రోగ్రాం పేరుకు వాడుకున్నరు. అది ఏ భాషదని అడిగినోళ్లు ఎంతమంది?) మన ఇంట్ల ఉన్నదాన్ని పోరడు ఫోన్ల నుంచి నేర్చుకొని వచ్చిండు. సిగ్గుపడాల్సింది వాడా, మనమా?

ఇగ ఫోన్లకు అది ఎక్కడ్నుంచి వచ్చింది? 1981 డిసెంబర్‌లో న్యూయార్క్ హార్లెంలో, హార్లెం వరల్డ్ అనే క్లబ్బులో బిజీ బీ అనేటాయన జనాన్ని నవ్విస్తూ, చప్పట్లు కొట్టిస్తూ స్టేజీని ఏలుతున్నడు. కూల్ మో డీ అనే నల్లజాతి యువకుడు ఎదురు నిలబడి, పదును మాటలతోని ఆయన్ను ఉతికి ఆరేసిండు. జనాన్ని ఊపుడొక్కటే కాదు, మాటల కూర్పు కూడా ఉండాలని ఆ రాత్రి తేలింది. ఆరేళ్లు తిరిగేసరికి అదే కూల్ మో డీ పాతకాపు అయిండు. పాతకాపు అంటే ముసలోడేం కాదు, 25 ఏండ్లే! ఎల్ ఎల్ కూల్ జే అనే 19 ఏండ్ల పోరడు పేరు తెచ్చుకుంటుంటే, ముందు నడిచినోళ్లను లెక్క చేస్తలేడని ఈయనకు కోపం. 1987లో ఆల్బమ్ తెచ్చిండు. దాని అట్ట మీద, ఆ పోరడు పెట్టుకునే ఎర్ర టోపీ జీపు టైరు కింద నలిగి ఉంటది. పోరడు ఊకోలేదు, పాటలోనే జవాబిచ్చిండు. ఎవరు గెలిచిండ్రని ఇప్పటికీ వాదించుకుంటరు. కూల్ మో డీకి అప్పుడు శాలువా కప్పి కూసోబెట్టి ఉంటే ఇయ్యాల ఎవరు యాది చేసుకుందురు?

మనం శాలువాలు బాగనే కప్పుతం. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల చరిత్ర, పగిడిద్దరాజు చరిత్ర ఆయన కోయ భాషలో పాడేది, పుస్తకం చూడకుండ. 2024 జూన్‌లో పోయిండు. ఆయన ఉన్నప్పుడు మనలో ఎంతమంది పోరగాళ్లు ఎదురుంగ కూసొని, "తాతా, నువ్వు ఇట్ల పాడినవు, మా ఊరోళ్లు ఇంకో తీరు చెప్తరు, ఏది నిజం" అని అడిగినం? ఎదురు అడిగేటోడు లేకుంటే పాడేటోడు ఎవరికి పాడాలె?

అయితే ఆ పోరని దగ్గర కూడా ఒక లోటు ఉంది. హోలీ తెల్లారి దాదా వాన్ని పిలిచి, "ఏం కట్టినవ్ బేటా, వినిపియ్యి" అన్నడట. వాడు వినిపించిండు. మొత్తం తెలుగు, మధ్యమధ్య ఇంగ్లీషు. "మన బోలీల లేదా?" అన్నడట దాదా. వాడు తల దించుకున్నడు.

ఇది వాని ఒక్కని సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని రాయించుకున్నోళ్లు 32 లక్షలకు పైనే. కానీ లెక్కల్ల మన భాషను హిందీ కింద కలిపేసిండ్రు! గోర్‌బోలీ మాట్లాడేటోడు సర్కారు కాగితంల హిందీ మనిషి. 2003లో 92వ సవరణతోని బోడో, సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌కు ఎక్కినయి. గోర్‌బోలీ, కోయ, గోండి ఇంకా బయటనే ఉన్నయి. బెల్‌ఫాస్ట్‌లో నీక్యాప్ అనే ముగ్గురు ఐరిష్ భాషల ర్యాప్ పాడితే 2024లో వాళ్ల మీద సినిమానే వచ్చింది. మన పోరగాళ్లకు మన భాషల ప్రాస దొరకదా? దొరుకుతది, దాదాల దగ్గర ఉంది. అది గుంజుకోవాలంటే పోటీకి దిగాల్సిందే.

అందుకే అంటున్న, వచ్చే తీజ్‌కు పోటీ పెట్టండి. ఒక రౌండ్ అచ్చం మన భాషల ఉండాలె. పోరడు దాదా పాడిన పాటకే జవాబు కట్టాలె, ఇంట్ల రాసుకొచ్చింది చదువుడు కాదు. దాదా కూడా తిరిగి పోరన్ని ఏకాలె, మొహమాటం లేకుండ. తీర్పు మాత్రం తండా ఆడోళ్లు చెప్పాలె. హోలీల కట్టెలు పట్టి మగోళ్లను ఉరికిచ్చేది వాళ్లే, ఎవరి మాటల పస ఉందో వాళ్లకు తెలుసు.

తల్లిని, చెల్లెను తిట్టే ర్యాప్ మాత్రం వద్దు. యూట్యూబ్‌ల అదే ఎక్కువ నడుస్తది, తెలుసు. మన ఎక్కిరింపుకు వరసలున్నయి, వరస తప్పితే తండానే ఊకోదు. ఇంకోటి, లంబాడోళ్ల మీద కోయోళ్లు, కోయోళ్ల మీద లంబాడోళ్లు కడితే వ్యూస్ లక్షల్ల వస్తయి. ఇప్పటికే వాట్సాప్ గ్రూపులల్ల ఆ తిట్లు సాలినన్ని ఉన్నయి. రిజర్వేషన్ పంచాయితీ వేరే, దానికి వేరే జాగ ఉంది. ఆ బీటు మీద మనం కొట్టుకుంటే నవ్వేది ఎవరో మీకు తెలుసు.

500 జనాభా దాటిన తండాలను 2018 చట్టంతోని గ్రామ పంచాయతీలు చేసుకున్నం. మైకు, స్టేజీ మన చేతులనే ఉన్నయి. డీజే కిరాయి పైసల్ల సగం చాలు. మీ తండాల, గూడెంల పాడే పెద్దలు ఎవరు, కట్టే పోరగాళ్లు ఎవరు? మాకు చెప్పండి. మా తండా పోరడైతే గోర్‌బోలీల నాలుగు లైన్లు కట్టిండు. దాదా విని, రెండో లైనుల ప్రాస తప్పిందని వాపసు పంపిండు.