బాలమేధావిని కనిపెట్టే చెవి ఏదీ?

కువైట్ పట్టణం చుట్టూ 1920లో మట్టిగోడ లేచినప్పుడు దాని ద్వారాల్లో ఒకటి బ్నీద్ అల్ గార్ వైపుది. ఇవాళ హోటళ్లతో, అపార్టుమెంట్లతో కిక్కిరిసిన ఆ పేట అప్పట్లో ఊరి అంచు. గోడ లోపలి ఊరు ముత్యాల వేట మీద, పడవల వ్యాపారం మీద బతికేది. చమురు బయటపడటానికి ఇంకా చాలా ఏళ్లుంది. అలాంటి ఊళ్లో ఒక యూదు వర్తకుడి కొడుకులు, 1908లో పుట్టిన సాలెహ్, 1910లో పుట్టిన దావూద్, పదేళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడే షేకుల ఇళ్లలో వాయించి పెద్దలను మెప్పించారు. తర్వాత బాగ్దాద్ చేరి, 1936లో ఇరాక్ రేడియో వాద్యబృందాన్ని నిలబెట్టారు. అరబ్ సంగీతలోకం అల్ కువైతీ సోదరులని తలుచుకునేది వీళ్లనే. వీళ్ల గురించి చెప్పేవాళ్లందరూ పిల్లల ప్రతిభ దగ్గరే ఆగిపోతారు. నిజానికి చూడవలసింది ఇంకో ఇద్దరిని. వ్యాపారం మీద ఇండియా వెళ్లిన దగ్గరి బంధువు ఒకాయన తిరిగి వస్తూ ఆ పిల్లల కోసం ఒక వయొలిన్, ఊద్ అనే అరబ్ తీగవాయిద్యం తెచ్చాడు. ఖాలిద్ అల్ బకర్ అనే స్థానిక విద్వాంసుడు వాళ్లకు ఊద్ నేర్పాడు. ఈ ఇద్దరు పెద్దవాళ్లు లేకపోతే ఆ ఇద్దరు పిల్లలు మనకు లేరు.

అసాధారణ ప్రతిభ పుట్టుకలో అంతుచిక్కనిది కొంత ఉంది, కాదనను. ఒకే ఇంట్లో, ఒకే గురువు దగ్గర పదిమంది నేర్చుకుంటే ఒక్కడే ఆకాశానికి ఎందుకు ఎగురుతాడో ఎవరూ పూర్తిగా చెప్పలేరు. కానీ మనం పూర్వజన్మ సుకృతం అంటూ చేతులు జోడించే చోట సగానికి సగం అంతుచిక్కని విషయమేమీ ఉండదు. అక్కడ ఒక వాయిద్యం ఉంటుంది, వినగలిగిన పెద్దమనిషి ఉంటాడు, పిల్లవాడికి కాసేపు వేదిక ఇచ్చిన సభ ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే: లోకానికి తెలిసిన బాలమేధావుల లెక్క, అలా పుట్టిన పిల్లల లెక్క కాదు. వాళ్లను కనిపెట్టగలిగిన పెద్దల లెక్క.

మన పాలకొల్లు పిల్లవాడినే తీసుకుందాం. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ అందుకున్నాడు. కర్ణాటక సంగీతానికి అది ఏమాత్రం అనుకూలమైన వాయిద్యం కాదు. మెట్లున్న పొట్టి మెడ, జంట తీగలు, మీటిన మరుక్షణం ఆరిపోయే నాదం. గమకం పలకాలంటే స్వరం నిలవాలి, సాగాలి, ఊగాలి. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లవాణ్ని శిష్యుడిగా చేర్చుకున్నారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే అవకాశమే లేని పాఠం అది. విన్నది సరిగ్గా పలికిందా లేదా అన్నదొక్కటే కొలత. ఆ వెతుకులాటలోంచే జంట తీగలు పోయి ఒంటి తీగలు వచ్చాయి, విద్యుత్ మాండొలిన్ వచ్చింది, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ వచ్చింది, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం వచ్చింది. పిల్లవాడి మేధ గొప్పదే. తనకు రాని వాయిద్యాన్ని పక్కన పెట్టమనకుండా, దాని మీద తన పాట వినాలనుకున్న గురువు నిర్ణయం అంతకు తక్కువదేం కాదు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ కథా ఇలాంటిదే. 1930లో శంకరగుప్తంలో పుట్టారు. తల్లి వైణికురాలు, ఆయన పసికందుగా ఉండగానే పోయారు. తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీతం చెప్పేవారు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యుడిగా తీసుకున్నారు. ఎనిమిదో ఏట విజయవాడ ఆరాధనోత్సవంలో పాడితే, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ మురళీకృష్ణకు ముందు ‘బాల’ చేర్చారు. పదిహేనేళ్లకు 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టిన మేధకు లెక్క చెప్పడం ఎవరితరమూ కాదు. అయితే గోదావరి, కృష్ణా తీరాల్లో ఇలాంటివాళ్లు ఎక్కువమంది కనిపిస్తే, అది నీటి మహిమ అనేస్తాం. ఆ నీళ్ల పక్కనే ఏటేటా ఆరాధనలు, ఊరూరా హరికథలు, కచేరీలకు పందిరి వేయించే పెద్దలు, ఇంట్లో ఉంచుకుని చదువు చెప్పే గురువులు ఉన్నారన్న సంగతి మరిచిపోతాం. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాల, ఆస్థాన ఉద్యోగి కొడుకు, చూపులేని ఒక బాలుడికి సంగీతం నేర్పించాలన్న తలంపుతో మొదలైందని చెబుతారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి తర్వాత ఎందరు లోపలికి వెళ్లారో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

నిజమైన ప్రతిభకు ఎవరి ఆసరా అక్కర్లేదు, రాయి పగలగొట్టుకునైనా మొలుస్తుంది అని కొందరు అంటారు. ఘంటసాలను ఉదాహరణగా చూపిస్తారు. కానీ ఆయన కథ చెప్పేది అందుకు విరుద్ధంగా ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ కుర్రవాడు విజయనగరంలో మధుకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా ఆశించకుండా విద్య చెప్పారు. పిడికెడు అన్నం పెట్టిన గృహిణులు, విద్య పెట్టిన గురువు ఆసరా కాకపోతే ఇంకేమిటి? పైగా ఈ వాదంలో ఒక మోసం ఉంది. మొలకెత్తినవాళ్లే మన కంటికి కనిపిస్తారు, రాయి కిందే ఉండిపోయినవాళ్లు కనిపించరు. అలా ఉండిపోయినవాళ్లలో ఒకరి పేరు మాత్రం చరిత్రకు తెలుసు. మొజార్ట్ అక్క మరియా ఆన్నా 1751లో పుట్టింది. అదే ఇల్లు, అదే తండ్రి, అవే పాఠాలు. తమ్ముడితో పాటు యూరప్ రాజసభల్లో వాయించి మెప్పు పొందింది. పెళ్లీడు రాగానే తండ్రి పర్యటనలు మాన్పించాడు. ఆమె కట్టిన పాటను తమ్ముడే ఉత్తరంలో మెచ్చుకున్నాడు. ఆమె రచన ఒక్కటీ మిగల్లేదు. ఇందులో దైవ రహస్యం ఏముంది? పెద్దల నిర్ణయం ఉంది.

ఇంకొందరు ఇంకో కొసకు వెళ్లి, అంతా సాధనే అంటారు. 1993లో మనస్తత్వవేత్త ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం నుంచి, పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిష్ణాతులవుతారన్న సిద్ధాంతం ఊరేగింది. 2014లో అలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన వివరించగలిగింది దాదాపు 21 శాతమేనని తేలింది. అదే ఏడు స్వీడన్‌లో పదివేల మందికి పైగా కవలలను పరిశీలిస్తే, ఒకే జన్యువులున్న జంటలో ఎక్కువ సాధన చేసినవారికి శ్రుతి, లయ పసిగట్టడంలో రెండోవారి కన్నా ఆధిక్యం కనిపించలేదు. కాబట్టి పుట్టుకతో వచ్చేది ఉంది. దాన్ని ఒప్పుకుంటే నా వాదం బలహీనపడదు, బలపడుతుంది. ప్రతిభ రక్తంలోనే ఉంటే, అది ఆస్తి చూసి, కులం చూసి, ఊరు చూసి పుట్టదు. పెద్ద ఇంట్లో ఎంత పుడుతుందో, ఆ ఇంటి వంటగదిలో పనిచేసే తల్లి కడుపునా అంతే పుడుతుంది. తేడా తర్వాత వస్తుంది.

పిల్లల్ని ఇలా వెతికి పట్టుకుని వేదిక ఎక్కిస్తే బాల్యం పాడవుతుందన్న అభ్యంతరం మాత్రం గట్టిది. టీవీ పోటీల్లో మేకప్ వేసుకుని, తీర్పు చెప్పేవాళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకునే పసివాళ్లను చూస్తే ఎవరికైనా బాధేస్తుంది. అయితే గుర్తించడం వేరు, అమ్ముకోవడం వేరు. 1765లో లండన్‌లో డెయిన్స్ బారింగ్టన్ అనే పండితుడు తొమ్మిదేళ్ల మొజార్ట్‌ను పరీక్షించాడు. ఎప్పుడూ చూడని స్వరపత్రం ముందు పెడితే పిల్లవాడు అవలీలగా వాయించాడు. ఇంతలో పిల్లి కనబడితే వాయిద్యం వదిలి దాని వెంట పరుగెత్తాడు, కర్రను గుర్రం చేసుకుని గదంతా తిరిగాడు. వయసు మీద అనుమానం తీరక బారింగ్టన్ సాల్జ్‌బర్గ్ నుంచి పుట్టిన తేదీ కూడా తెప్పించుకున్నాడు. అతను పిల్లి సంగతీ రాశాడు, సంగీతం సంగతీ రాశాడు. మంచి చెవి ఉన్నవాడు చేయవలసింది అదే: మేధావిని గుర్తించాలి, అందులోని పిల్లవాణ్ని మరవకూడదు.

ఈ చెవి అవసరం బాల్యంతో తీరిపోదు కూడా. అల్ కువైతీ సోదరులు 1951లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. వాళ్లు కట్టిన పాటలు ఇరాక్‌లో మోగుతూనే ఉన్నాయి కానీ పేర్లు చెరిగిపోయాయి. కొత్త దేశం అరబ్ సంగీతాన్ని శత్రువుల సంగీతంగా చూసింది. అరబిక్ రేడియోలో వాయించడం తప్ప వాళ్లకు పెద్ద వేదిక లేదు. టెల్ అవీవ్ బస్తీలో దుకాణం పెట్టుకుని బతికారు. వేళ్లలో విద్య ఎక్కడికీ పోలేదు, వినేవాళ్లే పోయారు. 1976లో దావూద్, 1986లో సాలెహ్ కన్నుమూశారు. 2009లో ఒక వీధికి వాళ్ల పేరు పెట్టారు, 2011లో దావూద్ మనవడు దూదూ తాసా ఆ పాటలను మళ్లీ రికార్డు చేశాడు. రెండు దేశాలు చేసిన ఆలస్యానికి విధిని నిందించడం కుదరదు.

కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది పరాయి చరిత్ర కాదు. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఇళ్లలో, వంటశాలల్లో, డ్రైవింగ్ సీట్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి కుటుంబాన్ని తెచ్చుకునే స్తోమత లేదు. పిల్లలు ఊళ్లో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. శంకరగుప్తం, పాలకొల్లు వాళ్లలో కొందరి ఊళ్ల పక్కనే ఉన్నాయి కానీ, ఆ పిల్లల ప్రభుత్వ బడిలో శ్రుతిపెట్టె కూడా ఉండదు. ఇక్కడ ఫ్లాట్లలో పెరిగే పిల్లలకు ఉగాది సభలో ఒక సినిమా పాట, చప్పట్లు, సెల్‌ఫోన్ ఫొటో దక్కుతాయి. ఆ చప్పట్లలో ఒక్క పిల్లను విడిగా విని, మర్నాడు ఆమె తల్లిదండ్రులకు ఫోన్ చేసే పెద్దమనిషి ఎక్కడా కనిపించడు.

అందుకే తెలుగు సంఘాలు వేదిక అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి నాలుగు వయొలిన్లు, రెండు వీణలు కొని పిల్లలకు అరువిస్తే మేలు. ఊళ్లో బడికి కట్టే ఆర్చీకి దాత పేరు చెక్కించే బదులు, ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు వచ్చే సంగీతం మాస్టారికి జీతం ఇవ్వొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఖాళీగా ఉన్న సంగీత ఉపాధ్యాయుల ఉద్యోగాలు నింపాలి. ఇవన్నీ చేసినా బాలమురళి పుడతాడన్న హామీ లేదు, నిజమే. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. పుట్టినవాడు వినపడకుండా పోకుండా చూడటం మాత్రం మన చేతిలో ఉన్న పని. దాన్ని కూడా దేవుడి మీదకు నెట్టేయడం భక్తి అనిపించుకోదు, బద్ధకం అనిపించుకుంటుంది.