చనిపోతే సరే... అసలు పుట్టనే లేదంటే?

ఇంజనీరింగ్ సెకండియర్ చివర్లో మా హాస్టల్ రూమ్‌లో ఓ పెద్ద గొడవ జరిగింది. టాపిక్ మార్కులు కాదు, అమ్మాయి కాదు, మెస్ బిల్లు కూడా కాదు. ‘ఫ్లాష్’ అసలు పేరేంటి అన్నది!

నేను వాలీ వెస్ట్ అన్నాను. చిన్నప్పుడు టీవీలో చూసిన ‘జస్టిస్ లీగ్’ కార్టూన్‌లో ఫ్లాష్ అతనే. మా రూమ్మేట్ బ్యారీ అలెన్ అన్నాడు. వాడు చూసే సిరీస్‌లో, వాడు చదివే కామిక్స్‌లో ఫ్లాష్ బ్యారీయే. ‘వాలీ అంటే ఆ స్కూలు కుర్రాడు కదరా, వాడు ఫ్లాష్ ఏంటి?’ అన్నాడు. ‘మీ బ్యారీ ఎప్పుడో చచ్చిపోయాడ్రా’ అన్నాను. పక్క రూమ్ వాళ్లొచ్చి తలుపు బాదేదాకా ఇద్దరం ఆగలేదు.

తమాషా ఏంటంటే ఇద్దరం కరెక్టే. నేను చదివిన కథలు పాతవి, వాడు చదివినవి కొత్తవి. ఆ రెంటి మధ్యలో కంపెనీ వాళ్లు తమ ప్రపంచాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టారు. దాన్నే రీబూట్ అంటారు. సూపర్‌హీరో ఫ్యాన్స్ మధ్య ఇంతకంటే పెద్ద తగువు లేదు. బయటివాళ్లకి ఇది పిల్లల గోలలా అనిపిస్తుంది. నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది. తర్వాత ఉద్యోగంలో ఒక దెబ్బ తిన్నాక అభిప్రాయం మారింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు కథ. సూపర్‌మ్యాన్ వచ్చింది 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో. అప్పట్నుంచి కథలు వస్తూనే ఉన్నాయి. రాసేవాళ్లు మారారు, బొమ్మలేసేవాళ్లు మారారు, హీరోలు మాత్రం ముసలివాళ్లు కాలేదు. ఈ కథలన్నీ ఒకే ప్రపంచంలో ఒకదాని తర్వాత ఒకటి జరిగాయని నమ్మడమే కంటిన్యుటీ. ఈ నెల హీరో చెయ్యి విరిగితే వచ్చే నెల కట్టు కనపడాలి. అంతే రూలు. పదేళ్లు అయితే పర్లేదు. యాభై ఏళ్లయ్యేసరికి అన్నీ చిక్కుముడులే.

డీసీ కామిక్స్ వాళ్లు మొదట్లో దీనికి మంచి ఉపాయమే పట్టారు. 1940లో వచ్చిన మొట్టమొదటి ఫ్లాష్ పేరు జే గారిక్. 1956లో కొత్త ఫ్లాష్‌గా బ్యారీ అలెన్‌ని తెచ్చారు. మరి పాతాయన సంగతి? బ్యారీ ఇంట్లో కూర్చుని చదువుకునే కామిక్ పుస్తకంలో హీరో ఆయన! 1961లో ఇద్దర్నీ కలిపేశారు కూడా. పాత హీరోలు ఇంకో భూమ్మీద ఉన్నారు, కొత్తవాళ్లు ఈ భూమ్మీద ఉన్నారు అన్నారు. ఎవర్నీ ఇంట్లోంచి గెంటెయ్యలేదు. పక్కన ఇంకో గది కట్టారు.

ఆ తర్వాత గదుల మీద గదులు కట్టుకుంటూ పోయారు. ఏ హీరో ఏ భూమి వాడో కొత్తవాళ్లకి అర్థంకాని పరిస్థితి. దాంతో 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ పేరుతో పన్నెండు సంచికల కథ మొదలుపెట్టారు. రాసింది మార్వ్ వుల్ఫ్‌మన్, బొమ్మలు జార్జ్ పెరెజ్. కథ అయ్యేసరికి అన్ని భూములూ పోయి ఒక్కటే మిగిలింది.

అందులో రెండు చావులున్నాయి. 7వ సంచికలో సూపర్‌గర్ల్ పోయింది. 8వ సంచికలో బ్యారీ అలెన్ పోయాడు. ఇద్దరూ లోకాన్ని కాపాడుతూనే ప్రాణాలిచ్చారు. కానీ ఆ తర్వాత జరిగిందే అన్యాయం. బ్యారీని అందరూ తలచుకున్నారు. అతని శిష్యుడు వాలీ ఆ డ్రెస్ వేసుకుని కొత్త ఫ్లాష్ అయ్యాడు. సూపర్‌గర్ల్ విషయానికొచ్చేసరికి మాత్రం, క్రిప్టాన్ గ్రహం నుంచి బతికి బయటపడింది సూపర్‌మ్యాన్ ఒక్కడే అని కొత్త రూలు పెట్టారు. అంటే ఆమె చనిపోలేదు. అసలు రానే రాలేదు! చెల్లెలి శవాన్ని చేతుల్లో ఎత్తుకుని ఏడ్చిన అన్నకే ఆమె ఎవరో తెలీదు.

చూడండి, కామిక్స్‌లో చావుకి ఫ్యాన్స్ పెద్దగా భయపడరు. పోయినవాళ్లు కొన్నాళ్లకి ఏదో ఒక వంకతో తిరిగొస్తారని అందరికీ తెలుసు. రాకపోయినా, పోయినవాళ్లకి కనీసం ఏడాదికోసారి తద్దినం ఉంటుంది. పుట్టనే లేదు అన్నవాళ్లకి ఏముంటుంది?

ఆ తద్దినం కూడా ఒకాయన పెట్టారు. 1989లో వచ్చిన ఒక క్రిస్మస్ స్పెషల్ సంచికలో అలెన్ బ్రెన్నర్ట్ ఓ చిన్న కథ రాశారు. అందులో డెడ్‌మ్యాన్ అనే హీరో ఉంటాడు. దెయ్యం కాబట్టి అతను ఎవరికీ కనపడడు. ఎంత మంచి చేసినా తనకి పేరు రావట్లేదని కుమిలిపోతుంటాడు. అతనికి ఒక అమ్మాయి ఎదురవుతుంది. గుర్తింపు కోసం కాదు, చెయ్యాల్సిన పని కాబట్టి చేస్తామని చెప్తుంది. వెళ్లేటప్పుడు తన పేరు కారా అంటుంది. సూపర్‌గర్ల్ అసలు పేరు అదే. ఆ పేరు విన్నా డెడ్‌మ్యాన్‌కి ఏమీ గుర్తురాదు. గుర్తొచ్చేది చదివేవాడికి. కంపెనీ లేదన్న మనిషిని రచయిత గుట్టుగా తీసుకొచ్చి మనకి చూపించి పంపేశారన్నమాట.

తీసెయ్యడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కుర్రాడిగా ఉన్నప్పుడే క్లార్క్ కెంట్ సూపర్‌బాయ్‌గా తిరిగేవాడని పాత కథ. 1986లో జాన్ బర్న్ ‘ది మ్యాన్ ఆఫ్ స్టీల్’ రాస్తూ అది తీసేశారు. పెద్దయ్యాకే హీరో అయ్యాడన్నారు. విడిగా చూస్తే చక్కటి మార్పే. కానీ వెయ్యేళ్ల తర్వాతి కాలంలో బతికే కుర్ర హీరోల దండు ఒకటుంది, ‘లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్’ అని. 1958 నుంచీ వస్తున్న కథ. వాళ్లకి ఆదర్శమే సూపర్‌బాయ్. ఇప్పుడు సూపర్‌బాయే లేడంటే ఆ దండు ఎవర్ని చూసి పుట్టినట్టు? 1987లో ఓ అతుకు వేశారు. వాళ్లు కలిసింది వేరే బుల్లి ప్రపంచంలోని సూపర్‌బాయ్‌ని అన్నారు. ఆ అతుకు ఎన్నాళ్లో నిలవలేదు. 1994లో లీజియన్ కథ మొత్తాన్నీ మళ్లీ అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

కాలేజీలో ఇది చదివి పడీపడీ నవ్వాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఆ నవ్వు నా మీదకే వచ్చింది.

మా టీమ్‌కి ఓ పాత ప్రోగ్రామ్ అప్పజెప్పారు. పదేళ్ల కిందటి కోడ్. రాసినవాళ్లలో ఒక్కరూ ఇప్పుడు కంపెనీలో లేరు. ‘దీన్ని బాగుచెయ్యడం కంటే మొత్తం కొత్తగా రాసుకుందాం’ అన్నది నేనే. మూడు నెలలు కూర్చుని రాశాం. పాతదాంట్లో రోజూ రాత్రి ఓ ఫైలు తయారుచేసి ఒక ఫోల్డర్‌లో పడేసే ముక్క ఒకటుంది. దాన్ని ఎవరు వాడుతున్నారో ఎక్కడా రాసి లేదు. ఎవరూ వాడరులే అని పీకేశాను. కొత్తది లైవ్‌లోకి వెళ్లింది. కేక్ కూడా కట్ చేశాం.

నెలాఖరున ఫోనొచ్చింది. క్లయింట్ ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ నెలకోసారి ఆ ఫైలు తీసుకుని కాంట్రాక్ట్ వర్కర్ల జీతాలు లెక్కకట్టేవారట, ఆరేళ్లుగా. నా పుణ్యమా అని ఆ నెల వాళ్లకి జీతాలు మూడు రోజులు లేటయ్యాయి. ఆవిడ నన్ను తిట్టలేదు. ‘తీసేసేముందు ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా బాబూ’ అన్నారు. తిట్టినా బాగుండేది.

అలాగని పాతదాన్ని ముట్టుకోకూడదు అనే బ్యాచ్ కాదు నేను. మా రూమ్మేట్ వైపు కూడా న్యాయం ఉంది. 2011 సెప్టెంబర్‌లో డీసీ వాళ్లు ‘ది న్యూ 52’ పేరుతో 52 సిరీస్‌లని ఒకేసారి 1వ సంచిక నుంచి మొదలుపెట్టారు. అప్పటికి 904 సంచికలు దాటిన ‘యాక్షన్ కామిక్స్’ కూడా మళ్లీ 1 అయింది. వాడప్పుడు స్కూల్లో ఉన్నాడు. వాళ్లన్నయ్య అమెరికా నుంచి వస్తూ ‘జస్టిస్ లీగ్’ 1వ సంచిక తెచ్చాడట. ‘దాని మీద 1 అని ఉంది కాబట్టే చదివాన్రా. 905 అని ఉంటే ముట్టుకునేవాడినే కాదు’ అంటాడు. డెబ్బై ఏళ్ల కథ తెలిస్తేనే లోపలికి రానిస్తామంటే కొత్తవాళ్లు ఎవరొస్తారు? మా వాడి లాంటివాళ్లకి రీబూట్ ఒక తలుపు.

కానీ ఆ తలుపు తీసినప్పుడు లోపల ఉన్నవాళ్లు కొందరు బయట పడ్డారు. బార్బరా గోర్డన్‌నే తీసుకోండి. ఒకప్పటి బ్యాట్‌గర్ల్. 1988లో వచ్చిన కథలో జోకర్ కాల్చిన తూటాకి ఆమె కాళ్లు పడిపోయాయి. మామూలుగా అయితే ఆ పాత్ర పని అయిపోయినట్టే. కానీ కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ దంపతులు ఆమెని వదల్లేదు. మరుసటేడు ‘ఓరకిల్’ పేరుతో తిరిగి తెచ్చారు. వీల్‌చెయిర్‌లో కూర్చుని, కంప్యూటర్ ముందు నుంచి మిగతా హీరోలందరికీ దారి చూపించే మనిషి ఆమె. ఇరవై ఏళ్లకి పైగా అలాగే ఉంది.

2011లో ఆమె మళ్లీ లేచి నడిచింది. మళ్లీ బ్యాట్‌గర్ల్ అయింది. ఓరకిల్‌గా బతికిన కాలం దాదాపు మాయం. దీని మీద ఫ్యాన్స్ ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు. 1993లో బ్యాట్‌మ్యాన్ నడుము విరిగితే ఏడాది తిరిగేసరికి లేచి తిరిగాడు కదా, ఈమె ఒక్కతే కుర్చీలో ఎందుకుండాలి అని ఒక వర్గం. సరైన ప్రశ్నే. కానీ వీల్‌చెయిర్ వాడే పాఠకులకి తమలాంటి హీరో ఎక్కడో ఒక్కరు దొరుకుతారు. ఆ ఒక్కరినీ తీసేసి, బాగైపోయింది సంతోషించండి అంటే ఎలా ఉంటుంది? వాళ్లలో కొందరు తమ బాధ బహిరంగంగానే రాశారు. ఆ ‘ఫైలు’ని వాడుతున్నది వాళ్లు.

మార్వెల్ వాళ్లు తక్కువేం తినలేదు. ప్రపంచం మొత్తాన్ని చెరిపెయ్యరు కానీ, ముక్కలు ముక్కలుగా తీసేస్తారు. స్పైడర్‌మ్యాన్‌కీ మేరీ జేన్‌కీ 1987లో పెళ్లయింది. 2007లో మే పిన్ని ప్రాణం కోసం మెఫిస్టో అనే దయ్యాల రాజుకి ఆ పెళ్లినే ధారపోశారు. విడాకులు కాదు, అసలు పెళ్లే జరగనట్టు! ఇరవై ఏళ్లు ఆ ఇద్దరి కాపురం చదివినవాళ్లకి ఒళ్లు మండదా?

ఇక్కడ మనవాళ్లు కొందరు అడుగుతారు. ‘రామాయణం ఎంతమంది రాయలేదు? మాయాబజార్‌లో శశిరేఖ వ్యాస భారతంలో ఉందా? మనం ఒప్పుకోలేదా?’ అని. నిజమే. కానీ ఒక తేడా ఉంది. భారతానికి ఓనర్ లేడు. 1957లో సినిమా తీసినవాళ్లు ‘ఇకపై వ్యాసుడు రాసింది చెల్లదు’ అనలేదు. ఎవరి భారతం వాళ్లకి ఉంది. కామిక్స్‌లో ఓనర్ ఉన్నాడు. ఏది జరిగిందో, ఏది జరగలేదో చెప్పే అధికారం తనదే అంటాడు. గొడవంతా అక్కడే.

అయితే ఈ మధ్య ఓనర్లకీ కొంచెం బుద్ధొచ్చినట్టుంది. 2024 జనవరిలో మార్వెల్ వాళ్లు కొత్త ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’ మొదలుపెట్టారు. అందులో పీటర్‌కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అదే ఏడాది అక్టోబర్‌లో డీసీ వాళ్లు ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ తెచ్చారు. అక్కడ బ్రూస్ వేన్ కోటీశ్వరుడు కాదు. ఈ రెంటి కోసం పాత కథల్ని చెరపలేదు. 1961లో లాగానే పక్కన ఇంకో గది కట్టారు. కొత్తవాళ్లకి 1వ సంచిక దొరికింది, పాతవాళ్ల ఇల్లు పాతవాళ్లకి ఉంది. మా భాషలో చెప్పాలంటే, పాత వెర్షన్ నడుస్తుండగానే కొత్త వెర్షన్ వదిలారు. నేను ఆ ఫైలు విషయంలో చెయ్యాల్సిందీ అదే.

ఇంతకీ మా హాస్టల్ గొడవ ఏమైందో చెప్పలేదు కదూ. ఆ గొడవయ్యాక కొన్ని వారాలకి, 2016 మే నెలాఖర్లో ఓ రాత్రి మా రూమ్మేట్ నన్ను నిద్ర లేపాడు. చేతిలో ఫోన్. ‘డీసీ యూనివర్స్ రీబర్త్’ అప్పుడే వచ్చింది. ‘ఒరేయ్, మీవాడొచ్చాడ్రా’ అన్నాడు.

నా వాలీ వెస్ట్. ఐదేళ్లుగా కాలం బయట చిక్కుకుపోయి ఉన్నాడు. ఎవరికో ఒకరికి గుర్తొస్తేనే లోకంలోకి రాగలడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తాడు. ప్రాణంగా ప్రేమించిన లిండాకే అతను గుర్తు రాడు. ఇక కరిగిపోతున్నానని తెలిసి, థ్యాంక్స్ చెప్పి పోదామని చివరిగా బ్యారీ దగ్గరికి వస్తాడు. సరిగ్గా అప్పుడు బ్యారీకి గుర్తొస్తుంది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగేస్తాడు.

చెప్పొద్దూ, నాకు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. వాలీ ఎవడో తెలియని మా వాడి మొహం కూడా అదోలా అయిపోయింది. కాసేపాగి ‘సరే, వీడి కథ మొదట్నుంచి చెప్పరా’ అన్నాడు.

తెల్లారేదాకా చెప్పాను. ఈసారి పక్క రూమ్ వాళ్లు తలుపు కొట్టలేదు.

మరి మీ ఫ్లాష్ ఎవరు? కామెంట్లో చెప్పండి. కొట్టుకోవద్దు, ఇద్దరూ కరెక్టే.