మార్కాపురపు పలక చెప్పు పాఠము

నిరుడు మిరపకు మంచి ధర పలికినదని ఈయేడు గుంటూరు సీమలో ఊరూర మిరపయే వేయుదురు, యార్డులో బస్తాలు గుట్టలు పడును, ధర దిగిపోవును. మరుసటి యేడు రైతు ప్రత్తివైపు మరలును. లెక్క తప్పినను దిద్దుకొనుటకు అతనికి ఏడాది చాలును. గనులకు అట్టి వెసులుబాటు లేదు. నిక్షేపమును వెదకి, కొలిచి, అనుమతులు పొంది, యంత్రములు నిలుపునప్పటికి పదేండ్లు గడచుట సామాన్యము. నేటి అంచనా ఫలించునాటికి లోకము పోకడయే మారవచ్చును. ఖనిజముల లభ్యతను, గిరాకీని, ధరను ముందుగా ఊహించి ప్రణాళికలు వేయుటలోని చిక్కు ఇదియే.

ప్రకాశం సీమలోని రెండు రాళ్లు ఈ చిక్కును తేటపరచును. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. అక్కడి రాతి పొరలను చీల్చి, నునుపుచేసి, చెక్క చట్రము బిగించిన పలకలపై తెలుగు పిల్లలు తరతరములుగా ఓనమాలు దిద్దిరి. బడులు పెరుగుచున్నవి, చదువుకొను పిల్లలు పెరుగుచున్నారు, కావున పలకలకు గిరాకీ పెరుగునని ఆనాడు ఎవరైన లెక్కకట్టియున్నచో, అందులో తప్పుపట్టుట కష్టము. బడులు పెరిగినవి, పిల్లలును పెరిగిరి, పలక మాత్రము బడినుండి తప్పుకొన్నది. కాగితపు నోటుపుస్తకములు, ప్లాస్టిక్ పలకలు దాని చోటు నాక్రమించినవి. భూమిలో రాయి తరుగలేదు. దానితో పని తరిగినది. గనిలోను, కార్ఖానాలోను పనిచేయు కుటుంబములు ఆ భారమును మోసినవి.

ఒంగోలునకు పడమటనున్న చీమకుర్తిది వేరొక కథ. బంగారు చుక్కలు మెరయు అక్కడి నల్లరాయి ‘గెలాక్సీ’ అను పేర ఖండాంతరములకు పోయి భవనములకు అలంకారమైనది. దూరదేశములలో మేడలు లేచినంతకాలము క్వారీలో పని దొరకును. అక్కడ నిర్మాణము మందగించినచో ఇక్కడ కూలి తగ్గును.

పండితులును ఈ విషయమున పొరబడిరి. జనాభా పెరిగినకొలది లోహముల ధర పెరుగక తప్పదని జీవశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, పెరుగదని ఆర్థికవేత్త జూలియన్ సైమన్ 1980లో పందెము వేసిరి. రాగి, క్రోమియము, నికెలు, తగరము, టంగ్‌స్టను అను ఐదు లోహములను ఎంచుకొనిరి. 1990 నాటికి జనాభా పెరిగినది, ద్రవ్యోల్బణమును తీసివేసి చూడగా ధరలు మొత్తముమీద తగ్గినవి, ఎర్లిక్ ఓడెను. అయినను వేరొక దశాబ్దమును ఎంచుకొనియున్నచో ఫలితము తారుమారై యుండవచ్చును.

2023లో భారత ప్రభుత్వము లిథియము, రాగి మొదలగు 30 ఖనిజములను కీలకములుగా ప్రకటించినది. వీని గిరాకీని గూర్చి నేడు పెద్ద అంకెలు వినవచ్చుచున్నవి. కాని లిథియమునకు బదులు సోడియముతో బ్యాటరీలు చేయు యత్నములు ఇప్పటికే సాగుచున్నవి. కావున భూమిలో ఎంత యున్నదను ప్రశ్నతోపాటు, ఆ ఖనిజము ఏ పనికి, దానికి బదులుగా రేపు ఏది రాగలదు అను ప్రశ్నలను గూడ అడుగవలెను. ఒకే అంకెను నమ్మక, హెచ్చు, మధ్యమ, తగ్గు అంచనాలు మూడింటిని వేసి, వాని ఆధారములను బయటపెట్టి, ఏటేట సవరింపవలెను. గిరాకీ పోయినప్పుడు పనివారికి వేరొక జీవనోపాధి చూపు ఏర్పాటు ప్రణాళికలోనే ఉండవలెను. అంచనా తప్పుట సహజము. ఆ తప్పునకు మూల్యమును కూలివాడొక్కడే చెల్లించుట న్యాయము కాదు.