అధ్యాపకుల అంగీకారాన్ని కొలుస్తున్నారు, క్లాసుకు దూరమైన విద్యార్థిని ఎవరు లెక్కిస్తారు?

స్వయం, మూడుల్, గూగుల్ క్లాస్‌రూమ్ వంటి ఆన్‌లైన్ వేదికలపై విశ్వవిద్యాలయ అధ్యాపకుల అభిప్రాయం ఏమిటి, వాటిని ఎంత వాడుతున్నారు అనే సర్వేలు కోవిడ్ తర్వాత బాగా పెరిగాయి. పరిశోధక విద్యార్థులుగా మేము ఇలాంటి ప్రశ్నావళులను చదువుతున్నాం. అవి ఏం అడుగుతున్నాయో కాదు, ఏం అడగడం లేదో చూడాలి.

వీటిలో చాలావాటికి మూలం 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రచురించిన సాంకేతికత అంగీకార నమూనా. ఈ సాధనం నాకు ఉపయోగపడుతుందా? వాడటం తేలికేనా? ఈ రెండింటి చుట్టూనే ప్రశ్నలన్నీ తిరుగుతాయి. ఉద్యోగులు ఒక సాఫ్ట్‌వేర్‌ను వాడతారో లేదో అంచనా వేయడానికి అది పనికొచ్చింది. ఆఫీసులో వాడేదీ, లాభనష్టాలు అనుభవించేదీ ఒకరే. తరగతి గదిలో అలా కాదు. వాడేది అధ్యాపకుడు, మూల్యం చెల్లించేది విద్యార్థి.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉంటే, డేటా అయిపోయి క్లాసు మధ్యలో ఆగిపోతే, ఆ సంగతి అధ్యాపకుడు టిక్కు పెట్టే ఐదు గడుల్లో ఎక్కడా కనబడదు.

పైగా లెక్క తలకిందులవుతుంది. సగం మంది పిల్లలు చేరలేరని తెలిసి ఆన్‌లైన్ క్లాసు వద్దనుకున్న అధ్యాపకుడికి తక్కువ మార్కులు పడతాయి, 'శిక్షణ అవసరం' అని రాస్తారు. పీడీఎఫ్ పెట్టి చేతులు దులుపుకున్నవారు 'వినియోగదారు'ల లెక్కలో చేరిపోతారు.

ఇది కేవలం పరిశోధనా పద్ధతుల గొడవ కాదు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివేందుకు యూజీసీ 2021 నిబంధనలు వీలు కల్పించాయి. అధ్యాపకులు అంగీకరించారన్న ఒక్క సగటు అంకె చూపించి ఆ దారిలో ముందుకు పోతే, మొదట జారిపోయేది దళిత, ఆదివాసీ విద్యార్థులే.

అందుకే మా డిమాండ్లు మూడు. అధ్యాపకులు చెప్పిన మాటతో పాటు వేదికలో నమోదైన విద్యార్థుల హాజరునూ చూడాలి. ఆ హాజరును కులం, జెండర్, ఊరు, హాస్టల్ వారీగా విడదీయాలి, పేర్లు మాత్రం బయటపెట్టకూడదు. ప్రశ్నావళిలో ఈ ప్రశ్న తప్పక ఉండాలి: 'చేరలేకపోయిన విద్యార్థి కోసం మీరు ఏం చేశారు?'

జవాబు లేని చోట ఎంత అంగీకారం నమోదైనా అది సమ్మతి మాత్రమే, చదువు కాదు.