మిగిలిన పనుల చిట్టా

కంప్యూటరు తెరను పాత టెర్మినల్ వలె నడిపించే ప్రోగ్రాముల గూర్చి గత సంచికలో ముచ్చటించాము. అట్టి ప్రోగ్రామును విండోస్ నుండి యూనిక్స్‌కు మార్చేటప్పుడు, తెరపై అక్షరాలు కనబడగానే పని ముగిసినట్లు తోస్తుంది. నిజానికి మిగిలిన పనుల చిట్టా అప్పుడే మొదలవుతుంది.

సైమన్ టాథమ్ ప్రారంభించిన పుట్టీ 2004 ఫిబ్రవరి నాటి 0.54 కూర్పుతో యూనిక్స్‌కు వచ్చింది. టెర్మినల్‌గా ప్రవర్తించే భాగం రెండు చోట్లా ఒక్కటే. కానీ విండోస్ రిజిస్ట్రీలో దాచే అమరికలకు యూనిక్స్‌లో వాడుకరి సొంత డైరెక్టరీలో చోటు చూపవలసి వచ్చింది. ఎక్స్ విండోలోనైతే మౌస్‌తో ఎంచిన పాఠం ఒకచోట, కాపీ చేసినది వేరొకచోట ఉంటాయి. ఏది ముందు, ఏది వెనుక?

కొన్నేళ్ల క్రితం మేమూ ఇట్టి చిట్టానొకదానిని లక్ష్మీ నగర్‌లోని మా అద్దె ఇంట్లో, ఒక ఆదివారం కూర్చుని వ్రాశాము. రంగులు, ముద్రణ పైన, బ్యాక్‌స్పేస్ అట్టడుగున. ఆ మీట కొన్నిచోట్ల 8, మరికొన్నిచోట్ల 127 సంకేతాన్ని పంపుతుందని తెలిసీ, చిన్నదే కదా అనుకున్నాము.

స్టోర్సు గుమాస్తాగారు తప్పుపడిన అంకెను చెరపబోతే, అంకె చెరగక గొడుగు వంటి గుర్తు, దాని పక్కన హెచ్ అక్షరం వరుసగా పడ్డాయి. ఇరవై ఏళ్లుగా మీటల వంక చూడకుండా పని చేసిన మనిషి. ఏమీ అనలేదు; పాత రిజిస్టరు తెరచి కలం పట్టారు. రంగులను గురించి మాత్రం నేటివరకు ఎవరూ అడుగలేదు.

చిట్టాను తిరిగి వ్రాశాము, ఈసారి ఆయన బల్ల పక్కన కూర్చుని.