కంట్లో నూనె నింపారు సరే, తీసే తేదీ రాశారా?

కంటి లోపల వెనుక గోడకు అంటుకుని ఉండే పల్చటి పొర రెటీనా. దానికి చిరుగు పడి, అందులోంచి ద్రవం వెనక్కి చేరితే తడిసిన గోడమీది పోస్టరులా ఊడి వస్తుంది. వెంటనే అతికించకపోతే చూపు పోవచ్చు. చాలా కేసుల్లో సర్జన్లు కంటిలోని జెల్లీలాంటి విట్రియస్‌ను తీసేసి, చిరుగు చుట్టూ లేజరుతో అతుకు వేస్తారు. ఆ అతుకు గట్టిపడేదాకా రెటీనాను గోడకు ఒత్తి ఉంచేందుకు గ్యాస్ గానీ, సిలికాన్ ఆయిల్ గానీ నింపుతారు. గ్యాస్ కొన్ని వారాల్లో తనంతట తానే ఇంకిపోతుంది. మధుమేహం ముదిరి పొరలు రెటీనాను లాగేసిన కేసుల వంటి క్లిష్ట పరిస్థితుల్లో వాడే ఆయిల్ మాత్రం ఇంకదు. సాధారణంగా కొన్ని నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్ చేసి తీయాలి.

1962లో పాల్ సిబిస్ అమెరికాలో ఈ పద్ధతిని వైద్యలోకం ముందుంచారు. లేకపోతే చీకటే మిగిలే ఎన్నో కళ్లను ఈ ఆయిల్ కాపాడింది. అందుకే నా అభ్యంతరం ఆయిల్ మీద కాదు, దాని గడువును మరచిపోయే మన అలవాటు మీద.

నూనె, నీళ్లు ఒకే సీసాలో పోసి కుదిపితే ఏమవుతుందో మనకు తెలుసు. మెలకువగా ఉన్నంతసేపూ మన కన్ను సెకనుకు రెండు మూడుసార్లు చటుక్కున కదులుతుంది. ప్రతి కదలికకూ ఆయిల్‌కూ, పక్కనున్న కంటి ద్రవానికీ మధ్య ఒరిపిడి జరుగుతుంది. రక్తం, వాపు వల్ల చేరే ప్రోటీన్లు సబ్బులా పనిచేసి తలతన్యతను తగ్గిస్తాయి. క్రమంగా ఆయిల్ సూక్ష్మ బిందువులుగా విరిగిపోతుంది. 5000 సెంటీస్టోక్‌ల చిక్కటి ఆయిల్ 1000 రకం కంటే విరగడానికి ఎక్కువ మొరాయిస్తుంది. అయితే దాన్ని ఎక్కించడం, తీయడం కష్టం.

ఈ ఆయిల్ నీటికంటే కొంచెం తేలిక. కాబట్టి కంటి ముందుభాగంలోకి వచ్చిన బిందువులు పైకి తేలి, నల్లగుడ్డు పై అంచున తెల్లని గీతలా కనిపిస్తాయి. కంటి ద్రవం బయటికిపోయే దారిని అవి మూసేస్తే ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి వస్తుంది. ఆయిల్ ఉన్న కంట్లో శుక్లం త్వరగా ముదురుతుంది. నల్లగుడ్డు వెనుక ఆయిల్ ఆనుతూ ఉంటే నల్లగుడ్డులో కాల్షియం పేరుకుని మసక కమ్మవచ్చు. ఒత్తిడి నెమ్మదిగా పెరిగినప్పుడు నొప్పి ఉండకపోవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది.

మరో చిక్కు ఉంది. శుక్లం ఆపరేషన్‌కు ముందు కొన్నిచోట్ల అల్ట్రాసౌండ్‌తో కంటి పొడవు కొలుస్తారు. మామూలు కంట్లో ధ్వని సెకనుకు సుమారు 1530 మీటర్ల వేగంతో వెళ్తే, సిలికాన్ ఆయిల్‌లో దాదాపు 980 మీటర్లే. లోపల ఆయిల్ ఉందని తెలియక పాత లెక్కే కడితే కన్ను ఉన్నదానికంటే పొడవుగా తేలుతుంది, పెట్టే లెన్స్ పవర్ తప్పుతుంది. అంటే ‘కంట్లో ఆయిల్ ఉంది’ అన్న ఒక్క వాక్యం తర్వాతి డాక్టరుకు తెలియడం చాలా ముఖ్యం.

ఆయిల్ తీస్తే రెటీనా మళ్లీ ఊడే ప్రమాదముందని సర్జన్లు గుర్తుచేస్తారు. అది నిజమే. కొన్ని కళ్లలో కావాలనే శాశ్వతంగా ఉంచేస్తారు కూడా. కానీ అది డాక్టరూ రోగీ కలిసి తీసుకున్న నిర్ణయం కావాలి, మరచిపోవడం వల్ల జరిగినది కాకూడదు. కూలి పోతుందని, రెండో ఆపరేషన్‌కు డబ్బుల్లేవని, ‘కనిపిస్తూనే ఉంది కదా’ అని ఆగిపోయే మనిషిని ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు.

పేస్‌మేకర్ పెట్టినవారికి కార్డు ఇస్తారు. ఆయిల్ నింపినవారికీ తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ఏ కన్ను, ఏ రకం ఆయిల్, ఏ కంపెనీ, బ్యాచ్ నంబరు, నింపిన తేదీ, తీయాల్సిన గడువు, ఒత్తిడి పరీక్షల తేదీలు అందులో ఉండాలి. బీమా పథకాలు రెండు ఆపరేషన్లనూ ఒకే చికిత్సగా లెక్కించాలి. వైద్య పరికరాల దుష్ప్రభావాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మన దేశంలో 2015 నుంచి ఉంది. ఆయిల్ మామూలుకంటే ముందే విరిగిపోతే ఆ సంగతిని బ్యాచ్ నంబరుతో సహా అక్కడికి చేరవేయాలి.

మీ ఇంట్లో ఎవరికైనా రెటీనా ఆపరేషన్ జరిగి ఉంటే ఈ వారమే డాక్టరును అడగండి: లోపల నింపింది గ్యాసా, ఆయిలా? ఆయిలైతే ఎప్పుడు తీస్తారు?